జెంటూ అంటే మనమే

1817లో మద్రాసులో ఒక వ్యాకరణ పుస్తకం అచ్చయింది. రాసినాయన పేరు విలియం బ్రౌన్. మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్ కాదు, ఈయన వేరే. సి.పి. బ్రౌన్ ఉద్యోగానికని మద్రాసులో ఓడ దిగింది కూడా ఆ ఏడాదే. ఆ పుస్తకం పేరుని తెలుగులో చెప్పుకోవాలంటే ‘జెంటూ భాషా వ్యాకరణం’. తెరిచి చూస్తే లోపల ఉన్నవి మన అచ్చులు, మన హల్లులు, మన విభక్తులు. జెంటూ అంటే తెలుగు. జెంటూలంటే మనం.

ఇంగ్లీషులో చచ్చిపోయిన పాత మాటల మీద సరదా ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. షేక్‌స్పియర్ కాలంలో ఈ మాటకి అర్థం వేరు, ఛాసర్ కాలంలో ఇంకా వేరు అని చెప్పే పుస్తకాలు నేనూ కొన్ని కొన్నాను. కానీ ఆ చచ్చిపోయిన మాటల్లో ఒకటి మన పేరే అని తెలిసినప్పుడు సరదా కాస్తా వేరే ఏదో అవుతుంది. రెండొందల ఏళ్ళకి పైగా ఇంగ్లీషువాళ్ళు మనల్ని పిలిచిన పేరు ఇవాళ మనలో నూటికి తొంభైమందికి తెలీదు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎందుకు పోయింది, పోతూ పోతూ ఏం చేసింది అన్నదే ఈ వ్యాసం.

పెద్దమనిషి, అన్యమతస్థుడు

మాట పుట్టుక లాటిన్‌లో ఉంది. ‘గెన్స్’ అంటే వంశం, కులం, జాతి. ‘జెంటిలిస్’ అంటే ఆ వంశానికి చెందినవాడు. ఇక్కణ్ణుంచి దారి రెండుగా చీలింది. ఫ్రెంచి వైపు వెళ్ళిన దారిలో ‘మంచి వంశంలో పుట్టినవాడు’ అనే అర్థం గట్టిపడి ఇంగ్లీషులోకి ‘జెంటిల్’, ‘జెంటిల్‌మన్’ అయ్యి వచ్చింది. చర్చి వైపు వెళ్ళిన దారిలో అదే మాట ‘మనవాళ్ళు కాని జాతులు’, అంటే క్రైస్తవులూ యూదులూ కానివాళ్ళు అయింది. పోర్చుగీసులో దాని రూపం ‘జెంతియు’. అన్యమతస్థుడు, విగ్రహాలకి మొక్కేవాడు అని అర్థం.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసువాళ్ళకి ఇక్కడి జనాన్ని రెండు గంపల్లో వెయ్యాల్సొచ్చింది. ముస్లింలకి వాళ్ళ దగ్గర పేరు సిద్ధంగా ఉంది: ‘మూర్లు’. స్పెయిన్‌లో, మొరాకోలో వందల ఏళ్ళు కొట్లాడిన పేరు. మిగిలినవాళ్ళంతా జెంతియులు. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళు రెండు మాటల్నీ అరువు తీసుకున్నారు. రెండోదాన్ని నోరు తిరిగినట్టు ‘జెంటూ’ చేసుకున్నారు.

మరి దేశంలో ఉన్న హిందువులందరి పేరు మనకి మాత్రమే ఎందుకు అంటుకుంది? దీనికి 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఒక సమాధానం ఉంది. మన ‘పందికొక్కు’ ఇంగ్లీషులో ‘బాండికూట్’ ఎలా అయిందో చెప్పే పుస్తకం అదే. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి చేశారు. పోర్చుగీసువాళ్ళు వచ్చేనాటికి దక్షిణాన పెద్ద రాజ్యం విజయనగరం, దాని ఏలికలు తెలుగు మాట్లాడేవాళ్ళు, అందుకే ‘జెంటూ’ అంటే తెలుగువాడు అయ్యుంటుందని వాళ్ళ ఊహ.

దీనికి ఇంకో ముక్క కలపొచ్చనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు తూర్పు తీరంలో కోఠీ పెట్టుకుంది ముందు మచిలీపట్నంలో, 1611లో. మద్రాసు ఆ తర్వాత 28 ఏళ్ళకి. ఆ మద్రాసు కోట కట్టుకోవడానికి 1639లో చోటిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు తెలుగువాడు. కంపెనీతో బట్టల వ్యాపారం చేసిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న తెలుగువాళ్ళు. ఊరికి కాపలా కాసిన పెద్దనాయకుడూ తెలుగువాడే, ఆయన పేరు మీదే ఇప్పటికీ చెన్నైలో పెద్దనాయకన్‌పేట ఉంది. అంటే ఇంగ్లీషువాడికి బేరమాడటానికి, సంతకం పెట్టించుకోవడానికి ఎదురుపడిన ‘జెంటూ’ ఎక్కువసార్లు తెలుగువాడు. సంచీ మీద రాసిన పేరు సరుకు పేరయిపోయింది.

తమిళానికి అదే మద్రాసులో వాళ్ళు పెట్టిన పేరు ‘మలబార్ భాష’. మలబారు ఉన్నది అటువైపు తీరంలో, కేరళలో. వాళ్ళు ముందు దిగిన తీరం పేరుని మోసుకొచ్చి ఈ తీరంలో తమిళానికి తగిలించారు. ఉర్దూ, హిందుస్తానీలకి పేరు ‘మూర్స్’. ఒక కోట, మూడు భాషలు, మూడూ తప్పు పేర్లే. ఆ పేర్లతోనే జీతాలు ఇచ్చారు, దుబాసీలని పెట్టుకున్నారు, కోర్టుల్లో సాక్ష్యాలు రాసుకున్నారు. పని జరగడానికి పేరు సరైందే అయ్యుండక్కర్లేదు.

కలకత్తాలో జంతువు

ఇదే మాట కలకత్తా వెళ్తే పాత అర్థంలోనే ఉండిపోయింది. వారెన్ హేస్టింగ్స్ పదకొండుమంది పండితుల్ని కూర్చోబెట్టి హిందూ ధర్మశాస్త్రాన్ని సంస్కృతంలో సంకలనం చేయించాడు. దాన్ని పారశీకంలోకి, పారశీకం నుంచి ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇంగ్లీషు చేసింది నథానియెల్ హాల్‌హెడ్. 1776లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘జెంటూ చట్టాల స్మృతి’. ఇందులో జెంటూ అంటే హిందువు. తెలుగుతో సంబంధం లేదు. అదే ఏడు మద్రాసులో ఎవరైనా జెంటూ దుబాసీ అంటే మాత్రం తెలుగు దుబాసీయే.

హాల్‌హెడ్ ముందుమాటలో ఈ మాట మీద ఒక విచిత్రమైన వివరణ ఉంది. జెంటూ అనే మాటని హిందూ మతస్థులు అనే అర్థంలో వాడటం తప్పనీ, ఆ మాటకి అసలు అర్థం ప్రాణి అనీ, కొంచెం ఇరుకు చేస్తే మనిషి అనీ అంటాడు. ఆయన మనసులో ఉన్నది సంస్కృతం ‘జంతు’. పోర్చుగీసు మాటని పట్టుకుని సంస్కృతం అనుకున్నాడు. మన ‘జంతువు’ దాకా తీసుకెళ్ళాడన్నమాట.

చదవగానే నవ్వొస్తుంది. కానీ ఇక్కడే అసలు మజా. ‘జంతు’లో ఉన్న ధాతువు ‘జన్’, పుట్టడం. జనం, జన్మ, జాతి, జననం అన్నీ దాన్నుంచే. లాటిన్ ‘గెన్స్’లో ఉన్న ధాతువు కూడా అదే, పుట్టడమే. సంస్కృతం, లాటిన్ ఒక తల్లి పిల్లలు కాబట్టి ‘జంతు’, ‘గెన్స్’ వేల ఏళ్ళ కింద విడిపోయిన అన్నదమ్ములు. హాల్‌హెడ్ చెప్పిన వ్యుత్పత్తి తప్పు, కానీ ఆయన తప్పు తలుపు కొట్టి చుట్టాలింటికే వెళ్ళాడు. ఈ రెండు భాషల చుట్టరికం గురించి విలియం జోన్స్ కలకత్తాలో తన ప్రసిద్ధ ప్రసంగం చేసింది ఆ తర్వాత పదేళ్ళకి, 1786లో. హాల్‌హెడ్ కూడా 1778 నాటి తన బెంగాలీ వ్యాకరణంలో సంస్కృతం, లాటిన్, గ్రీకు మాటల పోలికలు గమనించాడు. తన సొంత పుస్తకం అట్ట మీదున్న మాటలోనే ఆ పోలిక దాగి ఉందని మాత్రం ఆయన కంటపడలేదు.

సీమచింత, వాల్‌నట్

పరాయివాడు పెట్టిన పేరు మోయడం మనకొక్కళ్ళకే జరిగింది కాదు. ఇంగ్లీషు భాష పుట్టిన తొలినాళ్ళలోనే ఇలాంటి కథ ఒకటుంది. అయిదో శతాబ్దం నుంచి జర్మన్ తెగలు సముద్రం దాటి బ్రిటన్‌లో దిగాయి. అక్కడ అప్పటికే ఉన్న జనాన్ని తమ పాత ఇంగ్లీషులో ‘వెయాల్’ అన్నారు. అంటే పరాయివాడు. వచ్చినవాడు ఉన్నవాణ్ణి పరాయివాడన్నాడు! కొన్నాళ్ళకి ఆ మాటకి బానిస అనే అర్థం కూడా వచ్చింది, ఎందుకంటే ఓడిపోయినవాళ్ళు చాలామంది బానిసలయ్యారు. ఆ మాటే ఇవాళ్టి ‘వెల్ష్’, ‘వేల్స్’. కార్న్‌వాల్‌లో ఉన్న ‘వాల్’ కూడా అదే. వెల్ష్ వాళ్ళు మాత్రం తమని తాము ‘కమ్రి’ అనుకుంటారు. ఆ మాటకి ‘ఒకే దేశంవాళ్ళం’ అని అర్థం.

మనం తినే అక్రోటు కాయకి ఇంగ్లీషు పేరు వాల్‌నట్. అందులో ‘వాల్’ కూడా ఈ పరాయివాడే. పరాయి గింజ అని అర్థం. మనం సీమచింత అన్నట్టే. సముద్రం అవతలి నుంచి వచ్చిందేదైనా మనకి సీమదే కదా. పాత ఇంగ్లీషు వాల్‌నట్‌నీ మన సీమచింతనీ పక్కపక్కన పెడితే రెండు భాషలు ఒకే తిప్పలు పడినట్టు కనిపిస్తుంది: కొత్త వస్తువు వచ్చింది, పేరు లేదు, పరాయిదని చెప్పి పక్కన తెలిసిన చెట్టు పేరు పెట్టేద్దాం.

ఈ పనిలో మనమూ తక్కువ తినలేదు. తమిళాన్ని మనం ‘అరవం’ అంటాం. ఏ తమిళుడూ తన భాషని ఆ పేరుతో పిలుచుకోడు. పైగా దానికి వెటకారపు వ్యుత్పత్తులు కూడా కల్పించుకున్నాం. తమిళులు మనల్ని ‘వడుగర్’ అన్నారు, ఉత్తరం వాళ్ళని అర్థం. పోర్చుగీసువాళ్ళు అది విని ‘బడగ’ చేసుకున్నారు. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉర్దూని ‘తుర్కం’ అంటారు. టర్కీకి, వరంగల్ మండీబజార్‌లో మాట్లాడే ఉర్దూకి ఎంత దూరం! పోర్చుగీసువాడి ‘మూర్’, మన ‘తురక’ ఒకే రకం మాటలు. ఎప్పుడో ఒకసారి ఎదురుపడ్డ జాతి పేరుని ఆ మతం వాళ్ళందరికీ తగిలించడం.

‘తెలంగా’ అనే మాట కథ ఇంకా చిత్రం. కంపెనీ సిపాయిలు మద్రాసు నుంచి బెంగాలు వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు వాళ్ళని ‘తిలంగా’లు అన్నారు. తెలుగు దేశం నుంచి వచ్చారని. క్రమంగా కంపెనీ యూనిఫాం వేసుకున్న ప్రతి సిపాయీ తిలంగా అయ్యాడు. 1857 మే నెలలో మీరట్ నుంచి తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీ చేరితే నగరంవాళ్ళు వాళ్ళని తిలంగాలనే అన్నారు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బిహార్ ప్రాంతాలవాళ్ళు. ఒక్క తెలుగు ముక్క రానివాళ్ళు. జెంటూ అనే పెద్ద మాట ఇరుకై మన మీదకొచ్చింది, తిలంగా అనే మన మాట వెడల్పై ఊరందరి మీదకీ పోయింది.

నాలుగేళ్ళలో మూడు పేర్లు

1814లో శ్రీరామపురంలో విలియం కేరీ వేసిన వ్యాకరణం పేరులో మన భాష ‘తెలింగ’. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంబెల్ వేసిన వ్యాకరణంలో ‘తెలుగు’. 1817లో విలియం బ్రౌన్ దగ్గర ‘జెంటూ’. నాలుగేళ్ళలో మూడు పుస్తకాలు, మూడు పేర్లు. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒకే వేరియబుల్‌కి ముగ్గురు మూడు పేర్లు పెట్టుకుని రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి.

క్యాంబెల్ తన పుస్తకానికి పెట్టిన పొడుగాటి పేరు దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు భాషా వ్యాకరణం అని మొదలుపెట్టి, దీన్ని మామూలుగా జెంటూ అంటారు అని చేర్చి, ఈ ద్వీపకల్పంలో ఈశాన్యాన ఉండే హిందువుల భాష అని ముగిస్తాడు. జెంటూ అనే ఒక్క మాటలో కలిసిపోయి ఉన్న రెండు అర్థాల్ని ఇక్కడ విడదీశాడు. భాషకి తెలుగు, జనానికి హిందూ. ‘మామూలుగా అంటారు’ అనే తోకతో జెంటూని ఇంటి బయటి అరుగు మీద కూర్చోబెట్టాడు. తర్వాతి ఏడాది విలియం బ్రౌన్ మళ్ళీ లోపలికి పిలిచాడు కానీ అప్పటికే ఆ మాట రోజులు దగ్గరపడ్డాయి. 1821లో క్యాంబెల్ నిఘంటువు, 1827లో సి.పి. బ్రౌన్ ఛందస్సు పుస్తకం, 1840లో ఆయన వ్యాకరణం, 1852లో నిఘంటువు, అన్నిట్లోనూ తెలుగే. స్పెల్లింగులు మారాయి అంతే.

ఎందుకు పోయింది? నాకు తోచిన కారణం ఇది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చే కుర్ర ఉద్యోగులకి ఇక్కడి భాషలు నేర్పడానికి. అక్కడ నేర్పింది మన పండితులు. పట్టాభిరామశాస్త్రి లాంటివాళ్ళు. అప్పటికే మచిలీపట్నంలో మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ అనే నిఘంటువు తయారుచేసి ఉన్నాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని మాటల్ని వర్గాలు చేసే పద్ధతి మన వ్యాకరణాల్లో ఎప్పటినుంచో ఉంది. కాలేజీ వెనకున్న ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఈ పండితుల పుస్తకాల్ని చదివి, అదే క్యాంబెల్ వ్యాకరణానికి ముందు ఒక పెద్ద వ్యాసం చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తెలుగు ధాతువులు వేరు, అవి తమిళం, కన్నడంతో కలుస్తాయి అని అందులో మాటలు పక్కపక్కన పేర్చి చూపించాడు. కేరీ లాంటి కలకత్తా వైపు పండితుల అభిప్రాయానికి ఇది సూటి జవాబు. ద్రావిడ భాషలు అనగానే మనం చెప్పుకునే కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది 1856లో. ఎల్లిస్ వ్యాసం దానికి 40 ఏళ్ళ ముందుది.

అంటే తెలుగుని దాని పేరుతో పిలవడం, తెలుగు ఏ కుటుంబానిదో తెలియడం ఒకే పుస్తకంలో జరిగాయి. కాకతాళీయం అనుకోను. ‘జెంటూ’ అన్నంతకాలం అది ‘విగ్రహారాధకుల భాష’. అలాంటివాళ్ళందరి భాషా ఒక్కటే అనుకోవడానికి అడ్డేమీ లేదు. తెలుగువాడి దగ్గర కూర్చుని, తెలుగువాడు చేసుకున్న వర్గీకరణతో నేర్చుకోవడం మొదలయ్యాక ఆ పేరు చాలలేదు. పేరు మార్చమని ఎవరూ ఉద్యమం చెయ్యలేదు. తెలుసుకున్నకొద్దీ పాత పేరు దానంతటదే బిగుతై చిరిగిపోయింది.

ఓరుగల్లు నుంచి చూస్తే

వరంగల్‌లో పుట్టి పెరిగినవాడికి పేర్లు మారడం కొత్తేమీ కాదు. ఓరుగల్లుని సంస్కృతం చేసి ఏకశిలానగరం అన్నారు. 13వ శతాబ్దం చివర మార్కో పోలో కాకతీయ రాజ్యం గురించి రాస్తూ దాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవు పేరది. రేవు తెలిసినవాడికి రేవు పేరే రాజ్యం పేరు. ఢిల్లీవాళ్ళ రాతల్లో ఇది తిలంగ్ దేశంలోని అరంగల్. 1323లో కోట పడ్డాక సుల్తాన్‌పూర్. ఆ పేరు నాణేల మీదకెక్కింది కానీ జనం నోటికెక్కలేదు.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది హనుమకొండలోని ఒక గ్రంథాలయం పేరు. 1904లో పెట్టిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. అప్పటికి ఇక్కడ ఆంధ్ర అంటే తెలుగు, అంతే. సర్కారు భాష ఉర్దూగా ఉన్న నిజాం రాజ్యంలో ఆ మాట పెట్టుకోవడానికి కాస్త గుండె కావాలి. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచి పుట్టిన సంస్థ పేరు ఆంధ్ర జన సంఘం. తర్వాత రైతులు పల్లెపల్లెనా ‘సంగం’ అని పిలుచుకున్నది ఆంధ్ర మహాసభనే. 1956 తర్వాత ఆ మాట అర్థం మెల్లగా జరిగింది. 1969 నాటికి, ఇక 2014 నాటికి పూర్తిగా, మా ఊళ్ళో ఆంధ్ర అంటే ‘అటువైపు’. ఇప్పుడు ఆ లైబ్రరీ బోర్డు చదివే కాలేజీ పిల్లలకి అది పక్క రాష్ట్రం పేరులా కనపడితే తప్పు వాళ్ళది కాదు. మాట అక్కడే ఉంది, అర్థం బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇవాళ్టి అర్థంతో ఆ బోర్డుని చదివితే మాత్రం, ఆ పేరు కోసం తిట్లు తిన్నవాళ్ళ కష్టం మన కంటికి కనపడకుండా పోతుంది.

పెంగ్విన్ మీద మిగిలిన పేరు

మన మీద నుంచి ఊడిపోయిన జెంటూ ఇంగ్లీషులో ఒక్క చోట బతికే ఉంది. అంటార్కిటికా చుట్టుపక్కల, ఫాక్‌లాండ్ దీవుల్లో ఉండే ఒక పెంగ్విన్‌ని జెంటూ పెంగ్విన్ అంటారు. దాని తల మీద ఒక కంటి నుంచి ఇంకో కంటి దాకా తెల్లటి పట్టీ ఉంటుంది. అది తలపాగాలా కనపడి నావికులు ఆ పేరు పెట్టారని ఒక కథ చెప్తారు. దాని శాస్త్రీయ నామంలో ‘పపువా’ ఉంటుంది. 1781లో ఫార్‌స్టర్ పెట్టాడు. పపువాలో పెంగ్విన్లే లేవు. పాపం ఆ పక్షికి ఏ పేరూ సరిగ్గా కుదర్లేదు.

నీళ్ళలో అన్నిటికన్నా వేగంగా ఈదే పెంగ్విన్ ఇదే. అందుకే డేనియల్ రాబిన్స్ తన లినక్స్‌కి ముందు పెట్టుకున్న ‘ఈనాక్’ తీసేసి జెంటూ అని పెట్టాడు. 2002లో దాని 1.0 వచ్చింది. ఇందులో అప్పట్లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ సోర్సు నుంచి మన మెషీన్ మీదే కంపైల్ చేసుకోవాల్సొచ్చేది. ఇంజినీరింగ్ హాస్టల్లో రాత్రి కంపైల్ పెట్టి పడుకుంటే పొద్దున టిఫిన్ టైముకి కూడా అవ్వకుండా ఫ్యాన్ కొట్టుకుంటూనే ఉండేది. ఆ స్క్రీన్ ముందు కూర్చున్న నలుగురం తెలుగువాళ్ళమే. అక్కడ మెరుస్తున్న మాట ఒకప్పుడు మా పేరని అప్పుడు ఎవరైనా చెప్పుంటే నమ్మేవాళ్ళం కాదు.

ఇది తెలిసి ఏం ఉపయోగం అంటే, నాకు కనిపించే ఉపయోగం చాలా మామూలుది. పాత పుస్తకాలు స్కాన్ అయ్యి ఇవాళ ఎవరికైనా దొరుకుతున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసు కాగితాల్లో, యాత్రికుల రాతల్లో ‘తెలుగు’ అని వెతికితే దాదాపు ఏమీ రాదు. మనవాళ్ళు లేరేమో అనుకుని మూసేస్తాం. జెంటూ అని వెతికితే నేతగాళ్ళు, దుబాసీలు, కోమట్లు, సిపాయిలు, సాక్షులు బోలెడుమంది బయటికొస్తారు. తెలింగ, బడగ అని వెతికితే ఇంకొంతమంది. ఆ దొరికినదాంట్లో కలకత్తా కాగితమేదో మద్రాసు కాగితమేదో విడదీసుకోవాలి, ఎందుకంటే ఒకచోట జెంటూ హిందువు, ఇంకోచోట తెలుగువాడు. కాస్త ఓపిక కావాలి. ఈసారి ఏ డిజిటల్ లైబ్రరీలోనైనా ఖాళీగా తిరుగుతుంటే ఆ ఇంగ్లీషు మాటకి చివర ‘యు’ పెట్టి ఒకసారి, రెండు ‘ఓ’లు పెట్టి ఇంకోసారి వెతకండి. రెండు స్పెల్లింగుల్లోనూ మనవాళ్ళున్నారు.